పైన పటారం, లోన సీసం

చేపలు పట్టడానికి సొంతంగా పోసుకున్న జిగ్‌లకు వేసే రంగుల్లో పౌడర్ కోటింగ్‌ని మించింది లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కింద రాయబోయేది చదివి నాకు పౌడర్ అంటే గిట్టదని ఎవరూ అనుకోకూడదు. నాకు అదంటే ప్రాణం. మిన్నెసోటా చలికాలంలో నా సాయంత్రాలు చాలావరకు గరాజ్‌లో ఆ రంగు డబ్బాల మధ్యే గడుస్తాయి. నా చుట్టూ ఉన్న తెలుగువాళ్లలో చేపల సరదా ఉన్నవాళ్లు కొందరు ఇప్పుడు జిగ్‌లు కూడా సొంతంగా చేసుకుంటున్నారు. వాళ్ల నోట తరచూ ఒకే మాట వింటున్నాను: "పౌడర్ కోటింగ్ వేశాక ఇంక సీసంతో భయమేముంది?"

ఆ నమ్మకం తప్పు. అది తప్పని తెలిసేదాకా మనం చేసే పని సరస్సులకూ మంచిది కాదు, ఇంట్లో పిల్లలకూ మంచిది కాదు. రంగు మీద పెట్టే శ్రద్ధలో సగం లోపలి లోహం మీద పెట్టండి, సీసం పోయడం మానేయండి. నేను చెప్పదలచుకున్నది ఇదే. సీసం మానేశాక కోటింగ్ ఎలా వేయాలో కూడా రాస్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే వస్తుంది.

జిగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గాలం మెడ దగ్గర బరువు కోసం లోహపు గుండు, ఎక్కువగా సీసంది, పోసి ఉంటుంది. ఆ గుండుకు రంగు వేస్తారు, తోకకు వెంట్రుకలు గానీ రబ్బరు పురుగు గానీ తగిలిస్తారు, లేదా బతికున్న చిన్న చేపను గుచ్చుతారు. దాన్ని సరస్సు అడుగుదాకా వదిలి, కర్రతో చిన్నగా పైకి ఎగరేస్తూ కిందికి దించుతూ ఉంటే పెద్ద చేప వచ్చి అందుకుంటుంది. ఇక్కడ అందరూ వెంటపడే చేప వాల్ఐ. మిల్ లాక్స్, లీచ్ లేక్, లేక్ ఆఫ్ ది వుడ్స్ లాంటి సరస్సుల్లో మే నెల మధ్యలో సీజన్ మొదలవగానే పడవలన్నీ దాని కోసమే. వాల్ఐ అడుగున రాళ్ల మధ్య తిరుగుతుంది కాబట్టి జిగ్ కూడా రాళ్ల మధ్యకే వెళ్లాలి. వెళ్లినవన్నీ తిరిగి రావు. రాయి సందులో ఇరుక్కుంటే తీగ తెంపుకోవడమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేపలు పట్టే ఎవరినైనా అడగండి, ఎన్ని జిగ్‌లు పోయాయో వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. ఇలా పోతాయి కాబట్టే సొంతంగా పోసుకోవాలనిపిస్తుంది. అల్యూమినియం అచ్చు, గాలాల ప్యాకెట్, కరిగించే కుండ, కాస్త సీసం ఉంటే ఒక శనివారంలో సీజన్‌కు సరిపడా జిగ్‌లు తయారవుతాయి.

ఇప్పుడు రంగు సంగతి. మామూలు ఎనామెల్, గోళ్ల రంగు, వినైల్ లక్క అన్నీ పూయొచ్చు. పూసినవి మొదటి రోజే రాళ్లకు తగిలి పెచ్చులూడతాయి. పౌడర్ అలా ఊడదు. అది ద్రవంలో కలిపిన రంగు కాదు, రంగు కలిసిన ప్లాస్టిక్ రెసిన్‌ను మెత్తగా ఆడించిన పొడి. వేడి గుండు తగలగానే కరిగి అతుక్కుంటుంది, తర్వాత ఓవెన్‌లో కాలితే గట్టిపడుతుంది. ఆ గట్టిపడటం ఒక రసాయన చర్య. రెసిన్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్నాక మళ్లీ వేడి చేసినా కరగవు.

చేతిలోకి తీసుకుని చేస్తే ఎలా ఉంటుందో చెబుతాను. సన్నని రంధ్రాల పొర మీద పౌడర్ పోసిన గొట్టంలాంటి కప్పు ఒకటి ఉంటుంది. ఆ పొర కింద నుంచి అక్వేరియం పంపుతో గాలి వదిలితే పొడి మొత్తం ఉబ్బి, నీళ్లలా కదలడం మొదలుపెడుతుంది. పటకారుతో గాలం వంపు దగ్గర పట్టుకుని, గుండును వేడి గాలి చిమ్మే హీట్ గన్ ముందు తిప్పుతూ వేడి చేయాలి. తర్వాత కప్పులో ముంచి వెంటనే తీసేయాలి, ఒక్క క్షణం చాలు. బయటికి తీయగానే గుండు మీద పిండి అద్దినట్టు మసకగా ఉంటుంది. చూస్తుండగానే ఆ మసక ఒక పక్క నుంచి తడిదేరి, మెరుస్తూ గుండంతా పాకుతుంది. వేడి సరిపోకపోతే పొడి పొడిగానే ఉండిపోతుంది. ఎక్కువైతే రంగు మందంగా పట్టి, ఓవెన్‌లో కిందికి జారి బొట్టు కడుతుంది. వెచ్చగా ఉండగానే గాలానికి తీగ కట్టే బెజ్జంలోకి సన్నని పిన్ను పోనిచ్చి తీయాలి. చల్లారాక దాన్ని తెరవాలంటే రంగు పగులుతుంది. రెండు రంగులు కావాలంటే తల మీద ఆరెంజ్‌ని, కింద చిలకాకుపచ్చని బ్రష్‌తో చిన్నగా తట్టి రాల్చాలి. ఆ చిలకాకుపచ్చ అంటే వాల్ఐకి వల్లమాలిన ఇష్టమని ఇక్కడివాళ్లు ఒట్టేసి చెబుతారు.

ఇదేమీ గరాజ్‌లో పుట్టిన చిట్కా కాదు. గాలితో ఉబ్బిన పొడిలో వేడి వస్తువును ముంచే ఈ పద్ధతిని 1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన కనిపెట్టారు. ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే, కరెంటు ఛార్జ్‌తో పొడిని పిచికారీ చేసే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. అంటే మన అక్వేరియం పంపు కప్పే అసలు పౌడర్ కోటింగ్.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మెరుస్తోంది కదా, అయిపోయిందనుకుంటారు. కరగడం వేరు, కాలడం వేరు. జిగ్‌లకు అమ్మే పౌడర్లలో చాలావాటికి 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కావాలి. లోహం ఆ వేడికి చేరినప్పటి నుంచి లెక్క, ఓవెన్ స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. కాలిందో లేదో తేల్చుకోవాలంటే ఒక్క జిగ్‌ను బలిచ్చి సుత్తితో కొట్టండి. కాలనిది గాజులా చిట్లుతుంది. బాగా కాలినది గుండుతో పాటే చదునవుతుంది, రంగు మాత్రం వదలదు. ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను: వంట చేసే ఓవెన్‌లో వీటిని కాల్చకండి. సెకండ్ హ్యాండ్‌లో ఒక టోస్టర్ ఓవెన్ కొని గరాజ్‌లో పెట్టుకోండి, దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. లోపల విడిగా ఒక థర్మామీటర్ ఉంచండి. చిన్న ఓవెన్ల మీద రాసి ఉండే నంబరుకూ లోపలి వేడికీ పొంతన ఉండదు.

ఇంత గట్టి కోటింగ్ కాబట్టే ఆ నమ్మకం పుడుతుంది. నాతో పడవలో వచ్చే ఒక తమ్ముడు ఉన్నాడు, పని చాలా నీటుగా చేస్తాడు. పోయినేడు ఇదే మాట మీద మాకు చాలాసేపు వాదన జరిగింది. "అన్నా, సీసం పైకి కనపడనే కనపడదు కదా. చుట్టూ ప్లాస్టిక్ తొడిగినట్టే. నీళ్లకు తగలదు, చేతికి తగలదు. ఇంకేం కావాలి?" అన్నాడు. అతని పెట్టెలోంచే ఆ సీజన్ అంతా వాడిన ఒక జిగ్‌ని తీసి చూపించాను. పక్కల రంగు కొత్తదానిలా ఉంది. ముక్కు దగ్గర మాత్రం, రాళ్లకు తగిలే చోట, కందిగింజంత మేర అరిగి బూడిద రంగు లోహం బయటపడింది. గోటితో గీస్తే గీత పడింది. సీసం అంత మెత్తన. లోపలిది మెత్తగా ఉన్నప్పుడు పైన పొర ఎంత గట్టిదైతే ఏం లాభం? రాయి గుద్దుకుంటే లోపల సొట్ట పడుతుంది, సొట్ట పడిన చోట పొర లేస్తుంది. ఆ పొర మందం కూడా మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా.

అయినా ఇది చేతిలో ఉన్న జిగ్ సంగతి. తెగిపోయి సరస్సు అడుగున పడిపోయినవాటి సంగతే నాకు ఎక్కువ బెంగ.

లూన్ పక్షి గురించి చెప్పాలి. 1961 నుంచి ఇది మిన్నెసోటా రాష్ట్ర పక్షి. దాదాపు 12,000 లూన్‌లు ఇక్కడ ఉంటాయని లెక్క, అలాస్కా తప్ప ఈ దేశంలో ఇంకెక్కడా ఇన్ని లేవు. నల్లని తల, వీపు మీద తెల్లని గళ్లు, ఎర్రని కళ్లు. రాత్రిపూట దాని అరుపు ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. దీనికి పళ్లు లేవు, ఏ పక్షికీ ఉండవు. మింగిన చేపల ముళ్లను నలగ్గొట్టడానికి సరస్సు అడుగు నుంచి చిన్న గులకరాళ్లు ఏరుకుని మింగుతుంది. అవి దాని కందనకాయలో చేరి తిరగలి పని చేస్తాయి. ఆ గులకరాళ్ల మధ్య పావు ఔన్సు జిగ్ ఒకటి పడి ఉంటే అది కూడా గులకరాయే. లేదంటే తీగ తెంపుకుని పోయిన చేప నోట్లో జిగ్ ఉండిపోతుంది, అలసిన ఆ చేపను లూన్ తేలిగ్గా పట్టేసి జిగ్‌తో సహా మింగేస్తుంది.

ఇప్పుడు మన పౌడర్ కోటింగ్ ఆ కందనకాయలో ఉంది. బలమైన కండరం, చుట్టూ రాళ్లు, పై నుంచి జీర్ణాశయపు యాసిడ్. రాయికి తగిలితే ముక్కు దగ్గర అరిగిపోయిన రంగు అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది? పొర పోయాక యాసిడ్‌లో సీసం కరిగి నెత్తురులోకి ఎక్కుతుంది. లూన్‌ని చంపడానికి ఒక్క చిన్న జిగ్ చాలు. మొదట రెక్కలు వాలిపోతాయి, తల నిలపలేదు, మునగలేదు. నీళ్లలోనే బతికే పక్షి గట్టు మీదికి వచ్చి కూలబడుతుంది. కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాల్లో, చనిపోయిన లూన్‌లను టఫ్ట్స్ యూనివర్సిటీ పశువైద్య నిపుణులు ఏళ్ల తరబడి పరీక్షించారు. న్యూ హాంప్‌షైర్‌లో పెద్ద లూన్‌ల మరణాలకు తేలిన కారణాల్లో సీసపు గుండ్లు, జిగ్‌లే ముందున్నాయి.

పెద్ద లూన్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇవి కోళ్లలా పదేసి పిల్లలు పెట్టేవి కావు. ఆరేళ్లో ఏడేళ్లో వచ్చేదాకా జతకట్టవు, జతకట్టాక ఏడాదికి రెండే గుడ్లు. ఇరవై ఏళ్లకు పైగా బతికే పక్షి. ఒక పెద్ద పక్షి పోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

పెయింట్ వేసిన సీసం వేరు, వేయని సీసం వేరు అనే వాదనను ఒక రాష్ట్రం చట్టంలోనే పెట్టి చూసింది. మేన్ రాష్ట్రం చిన్న సీసపు జిగ్‌లను మొదట నిషేధించినప్పుడు రంగు వేయని జిగ్‌లను మాత్రమే నిషేధించింది. అప్పుడు ఏమవుతుంది? మీ పక్కన ఉన్న డబ్బాలో ముంచి తీస్తే నిషేధించిన వస్తువు కాస్తా అనుమతి ఉన్న వస్తువైపోతుంది. పొర కింద ఉన్నది అదే సీసం, పోయేది అదే సరస్సులో. పదేళ్ల తర్వాత, 2023లో, ఆ సందును మూసేశారు. రంగు వేసిన సీసపు జిగ్‌ల అమ్మకం 2024 సెప్టెంబరు నుంచి, వాడకం 2026 సెప్టెంబరు నుంచి ఆగిపోయేలా చట్టం మార్చారు. పక్కనే ఉన్న న్యూ హాంప్‌షైర్ 2016లోనే ఔన్సు, అంతకంటే తక్కువ బరువున్న సీసపు జిగ్‌లన్నిటినీ రంగుతో నిమిత్తం లేకుండా నిషేధించింది. పౌడర్ కోటింగ్ రక్షణ కవచమని నమ్మేవాళ్లు ఈ రెండు రాష్ట్రాల కథ ఒకసారి ఆలోచించాలి.

మిన్నెసోటాలో ఇలాంటి నిషేధం లేదు. 'గెట్ ద లెడ్ అవుట్' అని కాలుష్య నియంత్రణ సంస్థ ఒక ప్రచారం నడుపుతోంది, అంతే. కాబట్టి ఇక్కడ నిర్ణయం మన చేతుల్లోనే ఉంది. ఈ మాట నాకు ముఖ్యం. కొట్లో కొనుక్కునేవాడు కంపెనీ ఏది అమ్మితే అదే కొన్నానని చెప్పుకోవచ్చు. సొంతంగా పోసుకునేవాడికి ఆ మాట లేదు. కుండలో ఏ లోహం వేయాలో వేసేది మనమే.

ఇంట్లో మనుషుల సంగతికి వద్దాం. ఇక్కడ పౌడర్‌కి కొంత న్యాయం చేయాలి. రంగు ఉన్న జిగ్‌ను పట్టుకుంటే చేతికి అంటుకునే సీసం, రంగు లేనిదాన్ని పట్టుకున్నప్పటికంటే తక్కువే. దాన్ని నేను కాదనను. కానీ జిగ్ చేసేవాడికి సీసం అంటుకునేది కోటింగ్ అయ్యాక కాదు, అంతకుముందు. కరిగిన సీసం మీద తెట్టు తీసినప్పుడు లేచే బూడిద, అచ్చులోంచి తీశాక గుండుకు అంటుకుని మిగిలిన సీసపు కాడను కత్తిరించి ఆకురాయితో రాసినప్పుడు రాలే పొడి, ఇవే ప్రమాదం. అవి బల్ల మీద, నేల మీద, బట్టల మీద, చెప్పుల కింద చేరి ఇంట్లోకి వస్తాయి. మైనస్ 20 డిగ్రీల చలిలో గరాజ్ తలుపు తెరిచిపెట్టుకుని పని చేసేవాళ్లు ఎందరుంటారు? ఆ గరాజ్‌లోనే పిల్లల సైకిళ్లు, మంచులో ఆడుకునే బూట్లు ఉంటాయి. పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. పిల్లల నెత్తురులో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో గీత గీసింది. ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అమెరికాలో 1978లో ఇళ్ల పెయింట్లలోంచి సీసాన్ని తీసేశారు. భారతదేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదు. పిల్లవాడు గోడ పెచ్చు నోట్లో పెట్టుకుంటాడేమో అన్న భయంతో రంగులోని సీసం కోసం ఇంత పట్టుబట్టాం. అలాంటిది సీసం లేని రంగు తెచ్చి నిఖార్సైన సీసపు గుండు మీద పూసి, ఇప్పుడు భద్రం అనుకోవడం నాకు మింగుడు పడదు.

సరే, సీసం మానేస్తే ఏం పోయాలి? ఇక్కడే మన కోటింగ్ పనికీ లోహానికీ లంకె పడుతుంది. సీసం బదులు బిస్మత్ వాడమని ఎవరో ఒకరు చెబుతారు. బిస్మత్ బరువైనది, విషం కాదు, మాట నిజమే. ఒట్టి బిస్మత్ పెళుసు కాబట్టి దానిలో తగరం కలిపి అమ్ముతారు. సగానికి కాస్త ఎక్కువ బిస్మత్, మిగతాది తగరం ఉన్న మిశ్రమం 138 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోయడానికి ఎంతో హాయి. అచ్చులో చక్కగా నిండుతుంది, గట్టిపడేటప్పుడు బిస్మత్ కుంచించుకుపోదు, నీళ్లు మంచుగడ్డ అయినట్టు కాస్త ఉబ్బుతుంది. ఇంతవరకు బాగుంది. ఇప్పుడు వాటికి పౌడర్ వేసి 177 డిగ్రీల ఓవెన్‌లో వేలాడదీస్తే? రంగు కాలకముందే గుండు కరిగి కింద పడుతుంది, గాలాలు మాత్రం కమ్మీకి వేలాడుతూ ఉంటాయి. బిస్మత్ పాళ్లు పెంచిన మిశ్రమాలు పూర్తిగా కరగడానికి ఎక్కువ వేడి కావాలి, అయినా మెత్తబడటం మాత్రం అదే 138 దగ్గర మొదలవుతుంది. కాబట్టి బిస్మత్ మిశ్రమానికి ఓవెన్ పనికిరాదు. హీట్ గన్‌తో చాలా కొద్దిగా వేడి చేసి, పౌడర్ కరిగి అతుక్కునేదాకా చూసి, దాని మీద రెండు భాగాలు కలిపి పూసే ఎపాక్సీ ఒక పూత వేయడం ఒక దారి. రాళ్ల దగ్గర అది కాలిన పౌడరంత నిలవదు.

నేను ఎంచుకున్నది తగరం, మరేదీ కలపని తగరం. అది 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఓవెన్ 177. మధ్యలో యాభై అయిదు డిగ్రీల ఖాళీ ఉంది, ఆ ఖాళీలో పౌడర్ కోటింగ్ నిశ్చింతగా పూర్తవుతుంది. తగరం మనకు కొత్తదేమీ కాదు. చింతపండు పులుసు కాచే ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూసేది దీనితోనే. హీట్ గన్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాని గాలి వేడి తగరం కరిగే వేడిని సులువుగా దాటుతుంది, పలుచని అంచులు కరిగిపోతాయి. అందుకని జిగ్‌లన్నీ ముందు ఓవెన్‌లోనే వేడెక్కనిచ్చి, ఒక్కొక్కటీ పటకారుతో తీసి పౌడర్‌లో ముంచి, మళ్లీ ఓవెన్‌లో వేలాడదీస్తాను. హీట్ గన్ కంటే ఇదే నయం, అన్ని గుండ్లూ ఒకే వేడి మీద ఉంటాయి కాబట్టి రంగు ఒకే మందంగా పడుతుంది.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. సీసం కరిగించిన కుండలో తగరం వేయకండి. ఎంత గీకినా అడుగున సీసం మిగులుతుంది. తగరంలో సీసం కలిస్తే అది టంకం అవుతుంది, టంకం 183 డిగ్రీలకే మెత్తబడటం మొదలుపెడుతుంది. మన ఓవెన్ 177 అని పెట్టినా అప్పుడప్పుడూ పది డిగ్రీలు పైకి ఎగబాకుతుంది. మీరు భద్రం అనుకున్న ఖాళీ ఇట్టే మాయమైపోతుంది. బిస్మత్, తగరం, సీసం మూడూ తగుపాళ్లలో కలిస్తే ఇంకా విచిత్రం. రోజ్ మెటల్ అని పాతకాలం నుంచి పేరున్న ఆ మిశ్రమం మరిగే నీళ్లలోనే కరిగిపోతుంది. అందుకే కుండ, గరిటె కొత్తవి కొనాలి. అచ్చును మాత్రం బాగా తుడిచి వాడుకోవచ్చు. ఏ లోహమైనా సరే, తడి ముక్కను కరిగిన కుండలో వేయొద్దు, చుక్క నీరు చాలు లోహం ముఖం మీదికి చిమ్మడానికి.

తగరానికి లోపం లేదని అనను. అది తేలిక. సీసం సాంద్రత 11.34 అయితే తగరానిది 7.3. అదే అచ్చులో పోస్తే సీసపు బరువులో మూడింట రెండు వంతులు కూడా రాదు. పావు ఔన్సు అచ్చులో పోసిన తగరం 0.16 ఔన్సు తూగుతుంది. దీనికి మందు ఒక సైజు పైకి వెళ్లడం. 3/8 ఔన్సు అచ్చులో తగరం పోస్తే 0.24 ఔన్సు వస్తుంది, అంటే మీకు కావలసిన పావు ఔన్సే. గాలం సైజు మాత్రం చూసుకోవాలి, పెద్ద అచ్చు గాడి పెద్ద గాలానికి తీసి ఉంటుంది. గుండు కాస్త లావుగా కనిపిస్తుంది. మే నెలలో పది అడుగుల చల్లని నీళ్లలో, వాల్ఐ ఇంకా బద్ధకంగా ఉన్నప్పుడు, నెమ్మదిగా దిగే లావాటి గుండే మంచిదని నా అనుభవం. గాలి హోరెత్తే రోజున పాతిక అడుగుల లోతులో మాత్రం తగరం జిగ్ పక్కకు కొట్టుకుపోతుంది, అడుగు తెలియదు. అలాంటి రోజుల కోసం టంగ్‌స్టన్ కొనుక్కుంటాను. అది సీసం కంటే బరువు, ఇంట్లో కరిగించడం మాత్రం జరగని పని, మూడు వేల డిగ్రీలు దాటాలి. చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద గాలానికి వాడే చిన్న టంగ్‌స్టన్ జిగ్‌లకు మళ్లీ రంగు కాల్చాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, చాలావాటిలో గాలాన్ని టంకంతో అతికించి ఉంటారు. ఓవెన్ వేడికి గాలం వదులైతే చేప తగిలినప్పుడు తెలుస్తుంది.

ధర మాట ఎత్తకుండా ఈ చర్చ ఎప్పుడూ ముగియదు. తగరం సీసం కంటే పది రెట్లకు పైనే ఖరీదు. వినగానే గుండె గుభేలుమంటుంది. లెక్క వేసి చూద్దాం. పౌను తగరానికి, అంటే 16 ఔన్సులకు, 30 డాలర్లు పెట్టారనుకోండి. పౌనుకు పావు ఔన్సు జిగ్‌లు 64 వస్తాయి. ఒక్కోదానికి యాభై సెంట్లు కూడా పడదు. మంచి కంపెనీ గాలం ఒకటి కొంటే అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి. పడవ పెట్రోలు, లైసెన్సు, పొద్దున్నే దారిలో కొనే కాఫీ, బతికున్న చిన్న చేపల డబ్బా, ఇవన్నీ లెక్కలోకి రానివాళ్లకు జిగ్‌కి యాభై సెంట్లు భారమంటే నేను ఒప్పుకోలేను. ఏడాదికి వందల కొద్దీ జిగ్‌లు పోసి అమ్ముకునేవాళ్ల మాట వేరు, వాళ్లకు అది నిజమైన ఖర్చే. కొనేవాళ్లం మనం ఆ తేడా ఇవ్వడానికి సిద్ధపడాలి.

"లూన్‌లు చావడానికి సీసమొక్కటే కారణమా?" అని కూడా అడుగుతారు. కాదు. పడవలు గుద్దుతాయి, గట్ల మీద ఇళ్లు లేచి గూళ్లకు చోటు పోతుంది, జబ్బులు వస్తాయి. వాటిలో చాలావాటిని నా గరాజ్‌లో కూర్చుని నేను ఆపలేను. దీన్ని ఆపగలను. 1991 నాటికి అమెరికా అంతటా బాతుల వేటలో సీసపు తూటా రవ్వలను నిషేధించారు. అప్పట్లో వేటగాళ్లు ఇక వేట ముగిసినట్టే అన్నారు, ఇప్పుడు ఇనుప రవ్వలతో హాయిగా వేటాడుతున్నారు. బ్రిటన్‌లో 1987లో ఔన్సు లోపు సీసపు గాలం గుండ్లలో చాలావాటిని నిషేధించాక హంసల సంఖ్య మళ్లీ పెరిగింది. గాలం వేయడం అక్కడ ఎవరూ మానలేదు.

మా తమ్ముడు ఆ రోజు పడవలో ఒప్పుకోలేదు. జనవరిలో మాత్రం ఫోన్ చేసి తగరం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, 3/8 అచ్చు నా దగ్గర తీసుకెళ్లాడు. మొదటిసారి పోసినవాటిలో కొన్ని గుండ్లు సగమే నిండాయి, అచ్చు చల్లగా ఉండటం వల్ల. అచ్చును హాట్ ప్లేట్ మీద బాగా వేడెక్కనిచ్చి, తగరాన్ని 280 డిగ్రీల దాకా తీసుకెళ్లి పోస్తే ఆ బాధ ఉండదు. మొదటి పదీ ఇరవై గుండ్లు ఎలాగూ మళ్లీ కుండలోకే పోతాయని ముందే అనుకుని కూర్చోండి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న సీసం సంగతి ఏంటంటే, దాన్ని చెత్తబుట్టలో వేయకండి. కడ్డీలు, పాత గుండ్లు ఎక్కువగా ఉంటే పాత లోహం కొనే దుకాణాల్లో బరువు చూసి తీసుకుంటారు. పెయింట్ వేసిన జిగ్‌లు, తెట్టు, ఆకురాయి పొడి లాంటివి మూత బిగించిన డబ్బాలో పెట్టి కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. హెన్నెపిన్ కౌంటీవాళ్లకు బ్రూక్లిన్ పార్క్‌లో ఒకటి, బ్లూమింగ్టన్‌లో ఒకటి ఉన్నాయి. పని చేసిన బల్లను చీపురుతో ఊడవకండి, పొడి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా అదే డబ్బాలో వేయండి. సీసం కుండను మాత్రం పనికొస్తుందని ఎవరికీ ఇవ్వకండి, దాన్ని కూడా డబ్బాతో పాటే పంపేయండి.